అయిదు నెలల్లో నాలుగో సెగ్గడ్డ, రిపోర్టులో ఎంఆర్‌ఎస్‌ఏ అని వచ్చింది

శ్రావణి_పేట
మాది నరసరావుపేట. మా అబ్బాయికి పదిహేడు నిండాయి, విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాడు. జూలైలో తొడ మీద సెగ్గడ్డ లేచింది. హాస్టల్ పక్కన మందుల షాపులో సెఫిక్సిమ్ అయిదు రోజులకు ఇచ్చారు. ఇంకో క్యాప్సూల్ విప్పి ఆ పొడి గడ్డ మీద చల్లమన్నారు. తగ్గింది. ఆగస్టులో పిర్ర మీద ఇంకోటి, మళ్లీ అవే మాత్రలు. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చంకలో మూడోది. ఇక్కడ మాకు తెలిసిన ఒకాయన రెండు రోజులు ఇంజెక్షన్లు చేశాడు, ఏం మందో కాగితం మీద రాసివ్వలేదు. ఇప్పుడు నాలుగోది, తొడ లోపలి వైపు, కోడిగుడ్డంత. కాళ్లు ఎడంగా పెట్టి కుంటుతుంటే వార్డెన్ ఫోన్ చేసి తీసుకెళ్లమన్నారు.

ఈసారి సర్జన్ దగ్గరికి వెళ్లాం. మత్తు సూది వేసి, కోసి, చీమంతా తీసి, కొంచెం ల్యాబుకు పంపారు. నిన్న రిపోర్టు వచ్చింది. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలో మందులకు లొంగని రకం, ఎంఆర్‌ఎస్‌ఏ. సెఫాక్సిటిన్ ఆర్, ఎరిత్రోమైసిన్ ఆర్, సిప్రో ఆర్. క్లిండామైసిన్ దగ్గర డి టెస్ట్ పాజిటివ్ అని రాసి ఆర్ పెట్టారు. కోట్రైమోక్సజోల్, టెట్రాసైక్లిన్, లినజోలిడ్, వ్యాంకోమైసిన్ ఎస్. ఆర్ అంటే ఆ మందుకు లొంగదని, ఎస్ అంటే లొంగుతుందని అట. డాక్టర్ గారు సెప్ట్రాన్ డీఎస్ (ఆ కోట్రైమోక్సజోలే) పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులు రాశారు. అంతే, ఇంకేం లేదు.

నాకు నిద్ర పట్టట్లేదు. మా ఆడపడుచు నెట్‌లో చూసి ఇది ఐసీయూల్లో ఉండే మొండి పురుగు, ప్రాణాలు తీస్తుంది అంటోంది. అంత మొండిదానికి నా చిన్నప్పుడు విరేచనాలకు వేసిన మాత్ర సరిపోతుందా? మా అత్తగారేమో వేడి చేసింది, డాక్టర్లు అనవసరంగా కోశారంటారు. ఇంట్లో తొమ్మిదేళ్ల పాప ఉంది, అన్న తువ్వాలుతోనే మొహం తుడుచుకుంటుంది. దానికీ వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు_పెసరట్టు
వేడేనండి. హాస్టల్ తిండి, నిద్ర లేకపోవడం. బార్లీ నీళ్లు, మజ్జిగ పట్టించండి. మా ఇంట్లో మామిడిపళ్ల కాలం వస్తే అందరికీ లేస్తాయి.

మైక్రో_మేడమ్
శ్రావణి గారూ, ముందు ఒక్క మాట. మీ సర్జన్ గారు సరిగ్గా చేశారు. కోయడం, చీము ల్యాబుకు పంపడం, రిపోర్టు చూసి మందు రాయడం, మూడూ. మన దగ్గర చాలామందికి ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు.

నేను ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నాను. పేరు చూసి బెదిరిపోతున్నారు కాబట్టి పేరు సంగతి చెబుతాను. మెథిసిలిన్ అనే మందు 1959లో వచ్చింది. 1961కల్లా దానికి లొంగని స్టాఫ్ (స్టాఫిలోకాకస్‌ను మేం పిలిచే పేరు) ఇంగ్లండ్‌లో బయటపడింది. ఆ మందును ఇప్పుడు ఎవరూ వాడరు, పేరు మాత్రం అలా ఉండిపోయింది. మేం దాని బదులు సెఫాక్సిటిన్ బిళ్ల పెట్టి చూస్తాం. పెన్సిలిన్ జాతి మందులన్నీ బ్యాక్టీరియా గోడ కట్టే మేస్త్రి చేతులు పట్టుకుంటాయి. ఎంఆర్‌ఎస్‌ఏ దగ్గర మెక్‌ఏ అనే జన్యువు ఉంటుంది. అది ఇంకో మేస్త్రిని తెచ్చుకుంటుంది, ఈ మందులకు వాడి చేతులు దొరకవు. కాబట్టి అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపింది, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్ అన్నీ పోయినట్టే. సెఫిక్సిమ్ అయితే మామూలు స్టాఫ్ మీద కూడా సరిగ్గా పనిచేయదు.

మొదటి రెండు గడ్డలూ తగ్గాయన్నారు. వాటంతటవే పగిలి చీము కారిందా? కొంచెం గుర్తు చేసుకుని చెప్పండి.

శ్రావణి_పేట
అవును మేడమ్. వాడిని ఇప్పుడే అడిగాను. మొదటిది స్నానం చేస్తుంటే పగిలిందట. రెండోది రాత్రి పక్కమీద పగిలి దుప్పటంతా అయ్యిందట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే తనే ఉతుక్కున్నాడు.

మైక్రో_మేడమ్
అయితే తగ్గించింది మాత్రలు కాదమ్మా, ఆ పగలడమే.

మందులషాపు_బాబాయి
తెనాలి దగ్గర మందుల షాపు నాది. రోజుకు ఇద్దరు ముగ్గురైనా వచ్చి "గడ్డకి మందు ఇవ్వు" అంటారు. గడ్డ చూపించరు, ఎక్కడో చెప్పరు. చీటీ అడిగితే "నీకు తెలీదా ఏంటి" అంటారు. సెఫిక్సిమ్ హెచ్1 షెడ్యూల్లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది. 2014 మార్చి నుంచి ఆ మందు అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చామో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. అట్ట మీద ఎర్ర గీత ఉండేది డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని. చీటీ లేకుండా ఆ పిల్లాడికి రెండుసార్లు ఇచ్చినవాళ్లది తప్పు, నేనూ ఈ వ్యాపారంలో ఉండే చెబుతున్నాను.

క్యాప్సూల్ పొడి చల్లడం మాత్రం పూర్తిగా మానేయండి. పొలంలో గొడ్డలి దెబ్బ తగిలినా అదే, బండి మీంచి పడ్డా అదే. ఎర్ర పసుపు క్యాప్సూల్ విప్పి పసుపులా అద్దుతారు. ఆ పొడి అట్ట కట్టి కింద చీము మిగిలిపోతుంది.

ఓరుగల్లు_పిల్ల
మా తమ్మునికి గూడ గిట్లనే అయింది, కాజీపేటల ఉంటడు. మూడుసార్లు కోసిండ్రు. ఒక్కసారి గూడ గోలీలు రాయలె, ఉత్త కోసి కట్టు కట్టిండ్రు. నెల రోజులల్ల మానింది. మరి కోస్తెనే పోతదంటే గీ సెప్ట్రాన్ ఎందుకు మేడమ్? మీరే అంటిరి గదా తగ్గించింది గోలీలు గాదని.

రావు_రిటైర్డ్
రిపోర్టులో లినజోలిడ్ ఎస్ అని స్పష్టంగా ఉంది. అన్నిటికంటే గట్టి మందు అదే. పిల్లాడి విషయంలో పాత మాత్రలతో ప్రయోగాలు ఎందుకు? నాకు మోకాలి ఆపరేషన్ తర్వాత అదే ఇచ్చారు, నాలుగు రోజుల్లో లేచి తిరిగాను. డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి.

సిస్టర్_జయ
రావు గారూ, మీది ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇన్ఫెక్షన్, ఎముక దగ్గర. ఇది చర్మం గడ్డ, కోసి తీసేశారు. రెండూ ఒకటి కాదండి.

సర్జరీ వార్డులో పద్నాలుగేళ్లు చేశాను. గడ్డ పైకి కోడిగుడ్డంత కనిపించినా లోపల గదులు గదులుగా ఉంటుంది. పైన చిన్న చిల్లు పెట్టి నొక్కితే ఒక గది ఖాళీ అవుతుంది, పక్కది మిగులుతుంది. డాక్టర్ లోపల పరికరం పెట్టి ఆ అడ్డుగోడలు విడగొట్టాలి. సెలైన్‌తో కడిగేటప్పుడు మొదట చిక్కటి పసుపు, తర్వాత నెత్తురు కలిసిన నీళ్లు, చివరికి తేట నీళ్లు వస్తాయి. అప్పటిదాకా ఆపకూడదు. శ్రావణి గారూ, కట్టు విప్పినప్పుడు గుడ్డ తడిగా ఉంటే కంగారు పడకండి, మూడు నాలుగు రోజులు ఊరుతుంది. వాసన వచ్చినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా వెంటనే చూపించండి. పెన్నుతో ఆ ఎరుపు అంచు వెంట గీత గీసి టైం రాసి పెట్టుకోండి. గీత దాటిందో లేదో మీకే తెలుస్తుంది.

ఇంట్లో పిసకడం, సూదితో పొడవడం వద్దు. ముక్కు, పై పెదవి దగ్గర గడ్డలనైతే అసలు ముట్టుకోకండి. అక్కడి రక్తనాళాలు మెదడు వైపు పోతాయి.

మైక్రో_మేడమ్
@ఓరుగల్లు_పిల్ల మంచి ప్రశ్న అడిగావమ్మా. మీ తమ్ముడికి చేసింది కూడా తప్పు కాదు. కోత ఒక్కదాంతోనే ఎక్కువమందికి మానుతుంది. 2017లో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. 5 సెంటీమీటర్లలోపు గడ్డలు, అందరికీ కోశారు. తర్వాత కొందరికి క్లిండామైసిన్, కొందరికి కోట్రైమోక్సజోల్, కొందరికి ఉత్తుత్తి మాత్రలు పది రోజులు. ఉత్తుత్తి మాత్రలవాళ్లలో కూడా నూటికి 69 మందికి నయమైంది. మందు వాడినవాళ్లలో 83, 82. అంటే కోత చేసే పని ఎక్కువ, మందు దానికి సాయం.

అంతకుముందు 2016లో ఇంకోటి. అందులో నన్ను ఆకట్టుకున్నది వేరే లెక్క. కోట్రైమోక్సజోల్ వాడినవాళ్లలో ఒంటి మీద ఇంకోచోట కొత్త ఇన్ఫెక్షన్ వచ్చింది నూటికి 3 మందికి, వాడనివాళ్లలో 10 మందికి. ఇంట్లో మిగతావాళ్లకు అంటుకోవడం కూడా సగానికి పైగా తగ్గింది. మీ తమ్ముడికి మూడుసార్లు కోశారన్నావు చూడు, రెండోసారే మాత్ర ఇచ్చి ఉంటే మూడోది తప్పేదేమో.

ఒక్క హెచ్చరిక. 2016 పరిశీలనలో మోతాదు ఈ అబ్బాయికి రాసినదానికి రెట్టింపు. 2017 దాంట్లో ఇదే మోతాదు. ఇక్కడ చదివి ఎవరూ సొంతంగా పెంచుకోవద్దు.

@రావు_రిటైర్డ్ గారూ, ఎస్ అని ఉన్నవాటిలో పెద్దది చిన్నది అంటూ ఉండదు సార్. ఎస్ అంటే ఆ మందు చాలు. లినజోలిడ్ రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. డిప్రెషన్‌కు కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకు రెండూ కలిసి ప్రమాదం. అన్నిటికీ మించి, మొండి టీబీకి వాడే కాసిని మందుల్లో అదొకటి. తొడ మీద గడ్డకు దాన్ని ఖర్చు పెట్టేస్తే రేపు ఊపిరితిత్తులకు ఏం మిగుల్తుంది?

రావు_రిటైర్డ్
టీబీ సంగతి నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ తగ్గించేది మాత్రలు కాదు, చీము పోవడమే అంటూనే మాత్ర మింగమంటున్నారు, ఆ మెలిక అర్థం కాలేదు.

మైక్రో_మేడమ్
చీము అంటే ఎక్కువగా చచ్చిన తెల్లకణాలే. ఈ రకం స్టాఫ్‌లలో చాలావాటికి పీవీఎల్ అనే విషం ఉంటుంది, అది తెల్లకణాలను పగలగొడుతుంది. గడ్డ నడిబొడ్డుకు రక్తం పోదు, రక్తం పోని చోటికి మందు ఎలా పోతుంది? ఇంకో సంగతి. చచ్చిన కణాల నుంచి థైమిడిన్ అనే పదార్థం బయటికొస్తుంది. సెప్ట్రాన్ చేసే పనల్లా బ్యాక్టీరియా తన థైమిడిన్ తను తయారు చేసుకోకుండా అడ్డుకోవడం. చుట్టూ రెడీమేడ్‌గా దొరుకుతుంటే దానికి ఇక లోటేముంది? అందుకే ముందు చీము పోవాలి. తర్వాత అంచుల్లో, బతికున్న కండలో మిగిలినదాన్ని మాత్ర పట్టుకుంటుంది.

ప్లేనో_మూర్తి
టెక్సస్‌లో ఉంటాం. మా పెద్దవాడు హైస్కూల్లో రెజ్లింగ్ చేసేవాడు. మోచేతి మీద లేస్తే సాలెపురుగు కుట్టిందనుకున్నాం, ఇక్కడ అందరూ మొదట అదే అనుకుంటారు. ఎమర్జెన్సీలో డాక్టర్ చూడగానే "సాలీడు కాదు, స్టాఫ్" అని అక్కడికక్కడే కోశాడు. తర్వాత తెలిసింది, 2004లో ఇక్కడ 11 నగరాల ఎమర్జెన్సీల్లో చీము పట్టిన చర్మం కేసులు చూస్తే 59 శాతం ఎంఆర్‌ఎస్‌ఏనే అట.

శ్రావణి గారూ, మీ ఆడపడుచు గారు చదివింది ఆసుపత్రి రకం గురించి. అది వేరు, వీధిలో తిరిగేది వేరు. 1997-99 మధ్య మినెసోటా, నార్త్ డకోటాల్లో నలుగురు పిల్లలు చనిపోయారు, ఆసుపత్రితో ఏ సంబంధం లేని పిల్లలు. అప్పుడే ఇక్కడ అందరి కళ్లూ తెరుచుకున్నాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆ పిల్లలకు మొదట ఇచ్చినవి ఈ పురుగుకు పనిచేయని సెఫలోస్పోరిన్ మందులు. మీ వాడికి ఏది పనిచేస్తుందో కాగితం మీద ఉంది. అదీ తేడా.

నెల్లూరు_పెసరట్టు
మన దగ్గరా ఉందా ఈ వీధి రకం? లేక అమెరికా నుంచి వచ్చిందా?

మైక్రో_మేడమ్
మన సొంతది మనకు ఉంది. ఎస్‌టీ772 అనే రకాన్ని బెంగాల్ బే క్లోన్ అంటారు. 2004 ప్రాంతంలో బంగ్లాదేశ్, ఇండియా నమూనాల్లో మొదట గుర్తించారు, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. దానికి కూడా పీవీఎల్ విషం ఉంటుంది, పైగా చాలా మందులకు లొంగదు. ఊరికో రకంగా, మనిషికో రకంగా ఉంటుంది కాబట్టి కల్చర్ (చీమును ల్యాబులో పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించమని పోరుతుంటాను. మన దేశంలో 15 ఆసుపత్రుల ల్యాబులు 2008, 2009లో లెక్క తీస్తే స్టాఫ్‌లో నూటికి 40 దాకా ఎంఆర్‌ఎస్‌ఏ ఉంది.

వేడి మాట కూడా చెప్పేస్తాను. సెగ అంటేనే వేడి, పేరులోనే ఉంది కాబట్టి పెద్దవాళ్లను తప్పు పట్టను. ఎండాకాలంలో చెమట, ఒరుపు, గోకుడు ఎక్కువ. చర్మం చిట్లుతుంది, పురుగు దూరుతుంది. కాలం నిజమే, మామిడిపండు మాత్రం నిర్దోషి.

నెల్లూరు_పెసరట్టు
మామిడిపండును వదిలేసినందుకు మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటాం మేడమ్ 🙂 ఈ ఏడు మా ఆవిడ బంగినపల్లి బుట్ట కొననిస్తుంది.

సిస్టర్_జయ
సెప్ట్రాన్ మొదలుపెట్టేముందు ఎవరూ అడగలేదేమో, నేను అడుగుతాను. సెప్ట్రాన్ సల్ఫా మందు. బాబుకు ఇంతకుముందు సల్ఫా మందులు పడలేదా? జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు చితికిపోయే పుట్టు లోపం) ఉందని ఎప్పుడైనా చెప్పారా? నీళ్లు బాగా తాగించండి. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా, కళ్లు ఎర్రబడినా ఆ పూట మాత్ర వెయ్యకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. పెద్దవాళ్లలో అయితే బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడేవాళ్లకు పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది, ముందే డాక్టర్‌తో చెప్పాలి.

ప్లేనో_మూర్తి
జయ గారు చెప్పిన నోటి పుండ్లు మా ఇంట్లోనే జరిగింది. మా వాడి నుంచి మా ఆవిడకు అంటుకుంది, ఆవిడకు సల్ఫా పడదని అప్పుడే తెలిసింది. నాలుగో రోజు పెదవులు పొక్కాయి. వెంటనే ఆపి డాక్సీసైక్లిన్‌కు మార్చారు. డాక్సీ వేసుకుని గ్లాసుడు నీళ్లు తాగకుండా పడుకుందేమో, గుండెల్లో మంట రెండు రోజులు. కూర్చునే వేసుకోవాలి అది.

గోదారి_గాలి
చదువుతుంటే చెప్పాలనిపించింది. మా నాన్నగారికి షుగరు. మెడ వెనక గడ్డ లేస్తే అమ్మ ఉల్లిపాయ కాల్చి కట్టింది, మా ఇంట్లో తరతరాలుగా అదే. నాలుగు రోజులకు నేను రాజమండ్రి నుంచి వెళ్లి కట్టు విప్పి చూశాను. అరచేయంత మేర జల్లెడలా చిల్లులు, ఒక్కో చిల్లులోంచి చీము. షుగరు 412. మా ఊళ్లో దీన్ని రాచకురుపు అంటారు. ముందు ఒక చోట చూపిస్తే పైపైన కట్టు కట్టి వారం మాత్రలిచ్చి పంపేశారు. జ్వరం, వణుకు మొదలయ్యాక పెద్దాసుపత్రికి పరుగెత్తాం. ఎంఆర్‌ఎస్‌ఏ. వ్యాంకోమైసిన్ నరానికి ఎక్కించారు, రెండుసార్లు కోశారు, తొడ చర్మం తీసి మెడకు అతికారు. పంతొమ్మిది రోజులు ఉన్నాం. నాన్న ఇంటికొచ్చారు, దేవుడి దయ. కానీ ఇప్పటికీ తల పూర్తిగా పక్కకు తిప్పలేరు, ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరుగుతారు. అమ్మ దాన్ని చూసినప్పుడల్లా ఏడుస్తుంది.

షుగరు ఉన్నవాళ్లకు ఒక్క పూట కూడా ఆగొద్దు.

సిస్టర్_జయ
అమ్మ తప్పు కాదు గాలి గారూ. ఆవిడకు తెలిసిన వైద్యం ఆవిడ చేశారు. పైపైన చూసి పంపినవాళ్లు అప్పుడే షుగరు చూడాల్సింది.

ఆగకూడని సంగతులు ఇంకా ఉన్నాయి. చలి జ్వరం, ఎరుపు గంటగంటకూ పాకడం, పైకి కనిపించేదానికి పొంతన లేనంత నొప్పి, పిల్లలు ఉన్నట్టుండి కాలు మోపకపోవడం, ఫ్లూ జ్వరం తగ్గుతూ ఉండగా ఆయాసం, నెత్తురు కళ్లె. వీటిలో ఏదున్నా ఫోరంలో అడగకండి, బండెక్కండి.

కబడ్డీ_కోచ్_గుడివాడ
మా పిల్లల్లో ఏడాదికి అయిదారుగురికి లేస్తాయి. మట్టి కోర్టు మీద ఆడినప్పుడు ఇన్ని లేవు, మ్యాట్లు వచ్చాకే ఎక్కువయ్యాయి. మ్యాటే కారణమా?

ప్లేనో_మూర్తి
కోచ్ గారూ, సెయింట్ లూయిస్ రామ్స్ అని ఇక్కడ పెద్ద ఫుట్‌బాల్ జట్టు ఉండేది. 2003 సీజన్‌లో అయిదుగురు ఆటగాళ్లకు ఎనిమిదిసార్లు ఎంఆర్‌ఎస్‌ఏ. వెతికితే అన్నీ కృత్రిమ గడ్డి మీద పడి చర్మం గీసుకుపోయిన చోట్లే. ఆ గాయాలు కప్పుకోకుండా ఆడటం, ఒకే తువ్వాలు ముగ్గురు వాడటం, ఆట అయ్యాక స్నానం చేయకుండా అందరూ ఒకే తొట్టిలో దిగడం. కోట్లు సంపాదించే ఆటగాళ్లు, తువ్వాలు మాత్రం ఉమ్మడి!

మైక్రో_మేడమ్
కోచ్ గారూ, మ్యాటు మీద మోకాలు, మోచెయ్యి గీసుకుపోతాయి కదా, అసలు దారి అదే. గీరుకున్న పిల్లాడికి కడిగి కట్టు కట్టకుండా కోర్టులోకి పంపకండి. మోకాలి పట్టీలు ఎవరివి వాళ్లకే ఉన్నాయా?

కబడ్డీ_కోచ్_గుడివాడ
లేవు మేడమ్. ఆరు జతలు ఉన్నాయి, పద్నాలుగు మంది పిల్లలు. ఒకడు విప్పి చెమటతోనే ఇంకొకడికి ఇస్తాడు. ఈ వారమే కొనిపిస్తాను. డబ్బుల కోసం ఊళ్లో ఎవరినైనా అడుగుతా.

శ్రావణి_పేట
అందరికీ దండం. రాత్రి రెండుసార్లు చదివి మావారికీ వినిపించాను. సల్ఫా ఇంతకుముందు వేశాం జయ గారూ, ఏం కాలేదు. ఇవాళ్టికి మూడో రోజు, కట్టు మార్చేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. నొప్పి బాగా తగ్గింది.

ఇప్పుడు నా బాధ మళ్లీ రాకుండా చూడటం. ఇల్లంతా కడగాలా? పాపకు కూడా మాత్రలు వెయ్యాలా? నెట్‌లో బ్లీచింగ్ స్నానం అని ఉంది, బకెట్‌లో ఎంత పొయ్యాలి?

మైక్రో_మేడమ్
బకెట్‌లో బ్లీచ్ వద్దమ్మా. వాళ్ల కొలత స్నానాల తొట్టికి. పావు తొట్టి నీళ్లకు పావు కప్పు, వారానికి రెండుసార్లు పావుగంట మునగడం. మన బ్లీచ్ గాఢత వేరు, బకెట్ లెక్క వేరు, అందాజాగా పోస్తే పిల్లల ఒళ్లు కాలుతుంది.

పాపకు గడ్డ లేనప్పుడు మాత్రలు అక్కర్లేదు. స్టాఫ్ అసలు కాపురం ఉండేది ముక్కులో. మామూలు మనుషుల్లో నూటికి ముప్పై మంది దాకా దాన్ని ముక్కులో పెట్టుకుని తిరుగుతుంటారు, ఏ జబ్బూ లేకుండా. చంక, గజ్జలు కూడా దానికి ఇష్టం. కాబట్టి అబ్బాయి గాయం మానాక డాక్టర్‌ను అడిగి ఇంటిల్లిపాదీ ఒకే అయిదు రోజులు పెట్టుకోండి. ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రెండు ముక్కుల్లో, పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు. స్నానానికి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం, కళ్లల్లో చెవుల్లో పడకుండా. అందరూ ఒకేసారి చేయడమే ముఖ్యం. అమెరికాలో పిల్లల మీద చేసిన ఒక పరిశీలనలో పిల్లాడికి ఒక్కడికే చేస్తే ఏడాదిలో నూటికి 72 మందికి తిరగబెట్టింది. ఇంట్లో అందరికీ చేస్తే 52. చూశారా, అందరూ చేసినా సగం మందికి మళ్లీ వచ్చింది. కాబట్టి మళ్లీ ఒకటి లేస్తే మేం చేసిందంతా వృథా అని కుంగిపోకండి. చిన్నగా ఉన్నప్పుడే చూపించండి.

ముపిరోసిన్ నెలల తరబడి రాస్తే దానికీ లొంగకుండా పోతుంది. అయిదు రోజులంటే అయిదే.

సిస్టర్_జయ
ఇల్లు కడగడం కంటే ఇవి చూడండి. తువ్వాలు ఎవరిది వాళ్లకు, రోజూ ఉతికి ఎండలో. దిండు గలీబులు, దుప్పట్లు ఆ అయిదు రోజులు మార్చాలి. గోళ్లు కత్తిరించాలి. రేజరు, ఒళ్లు రుద్దుకునే పీచు ఎవరివి వాళ్లవే. కట్టు విప్పిన గుడ్డ కవర్లో కట్టి పారేసి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆయింట్‌మెంట్ డబ్బాల్లో వేలు పెట్టకండి, ట్యూబు కొనుక్కోండి.

ఓరుగల్లు_పిల్ల
రేజరు అంటే యాదికొచ్చింది. మా తమ్ముడు రూంల ముగ్గురు ఒకటే ట్రిమ్మరు వాడుతుండె. మా అమ్మకు చెప్తే ఇయాల్నే ఫోన్ చేసి తిట్టింది వాణ్ని. సెప్ట్రాన్ సంగతి గూడ సమజైంది మేడమ్, థాంక్స్.

శ్రావణి_పేట
హాస్టల్ వాళ్లు ఇంకో తలనొప్పి తెచ్చారు. రిపోర్టు ఫొటో పంపితే, పూర్తిగా నెగటివ్ అని సర్టిఫికెట్ తెస్తేనే రానిస్తామంటున్నారు. ప్రీఫైనల్స్ దగ్గరికొచ్చాయి. వాడు గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు, స్నేహితులకు తెలిసిపోయిందట.

ప్లేనో_మూర్తి
ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది ఏంటంటే, డాక్టర్ వద్దంటే తప్ప పిల్లల్ని బడి మాన్పించనక్కర్లేదు. గాయం కప్పి ఉండాలి, చీము కట్టు దాటి బయటికి రాకూడదు. మా వాడిని రెజ్లింగ్ మాన్పించారు కానీ క్లాసులకు మర్నాడే వెళ్లాడు. మీ సర్జన్‌తో ఆ మాటే కాగితం మీద రాయించండి.

మైక్రో_మేడమ్
నెగటివ్ సర్టిఫికెట్ అడిగితే వార్డెన్ గారి ముక్కు కూడా పరీక్ష చేయాలి, హాస్టల్లో మూడో వంతు మంది ముక్కులో ఏదో ఒక స్టాఫ్ ఉంటుంది. కట్టు తడవకుండా ఉంటే చాలు. అబ్బాయికి నా మాటగా చెప్పండి, ఇది మురికివాళ్లకు వచ్చే జబ్బు కాదు. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్ల చీము కూడా నా ప్లేట్ల మీద బంగారు రంగులోనే మొలుస్తుంది.

శ్రావణి_పేట
పదకొండో రోజు. మాత్రలు అయిపోయాయి. గాయం చిక్కుడు గింజంత మిగిలింది, అడుగు నుంచి ఎర్రగా పూడుకొస్తోంది. సర్జన్ గారు రెండు లైన్లు రాసిచ్చారు, కప్పి ఉంచితే క్లాసులకు వెళ్లొచ్చని. మావారు ఆ కాగితం పట్టుకుని వెళ్లి వార్డెన్‌తో మాట్లాడారు, సోమవారం రమ్మన్నారు.

వెళ్లినప్పుడు మావారు వాడి గది చూసొచ్చారు. ఎనిమిది మంది పిల్లలు, గది మధ్య ఒకటే దండెం, తువ్వాళ్లన్నీ ఒకదాని మీద ఒకటి తడిగా. పక్క మంచం అబ్బాయి మోకాలి వెనక కట్టు కట్టుకుని ఉన్నాడట. ఏంట్రా అంటే సెగ్గడ్డ అంకుల్, షాపులో మాత్రలు తెచ్చుకున్నా అన్నాడట.

సిస్టర్_జయ
ఆ అబ్బాయి అమ్మ నంబరు ఉందా మీ దగ్గర?

శ్రావణి_పేట
సంపాదించాను. పొద్దున్నే మాట్లాడా. వాళ్లది వినుకొండ, ఆవిడ పొలం పనిలో ఉంది. చీము ల్యాబుకు పంపమని మా రిపోర్టు ఫొటో పెట్టాను. రేపు మా సర్జన్ దగ్గరికే తీసుకొస్తామన్నారు. వచ్చాక ఇక్కడే రాస్తాను.